అన్నయ్య బస్టాపులు

సూది మళ్ళీ విరిగింది. టిక్కుమని చిన్న చప్పుడు, వెంటనే మెషిన్ కుయ్యోమని అరిచి ఆగిపోయింది, ఎర్ర లైటు వెలిగింది.

"నీ దుంప తెగ!" అన్నాను.

ఎవర్ని అన్నావంటే చెప్పలేను. మెషిన్నీ సూదినీ టోపీనీ పొద్దున్నించి కలిపే తిడుతున్నాను. విడివిడిగా తిట్టే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, కుట్టిన టోపీల లోపలి దారాలు కత్తిరిస్తున్న అమ్మ తలెత్తకుండానే, "మెల్లగా అనవే, అవతల వాడు వింటాడు" అంది.

అవతల అంటే చెక్క గోడకి అటువైపు. అక్కడ మా అన్నయ్య దుకాణం. వింటాడేమో అని అమ్మ అనుమానం గానీ, నాకు అనుమానమే లేదు. నా సూది విరిగిన ప్రతిసారీ అవతల టకటకా నడుస్తున్న అన్నయ్య మెషిన్ ఠక్కున ఆగిపోతుంది. నా తిట్టు పూర్తయ్యాక, తాపీగా మళ్ళీ మొదలవుతుంది. చెల్లెలి సూది విరిగితే పని మానుకుని మరీ ఆనందించే అన్నని మీరెక్కడైనా చూశారా? నేను రోజూ వింటున్నాను.

అదిగో, మళ్ళీ మొదలైంది. తనివి తీరినట్టుంది.

విరిగిన సూది మొన కోసం చేత్తో తడుముతూ వెతికాను. అది దొరక్కుండా మెషిన్ నడపకూడదు. సూది దిగే ఇనప పళ్ళెం కింద లేదు, దారాల్లో లేదు, నా ఒళ్ళో లేదు. చివరికి టోపీ మీదే, ఎక్కడ విరిగిందో అక్కడే నిక్కి చూస్తోంది. ఆ చోటు ఏదో చూడకుండానే చెప్పగలను. నుదుటి మధ్య కుట్టు.

టోపీ మీద బొమ్మ కుట్టడమంటే చొక్కా జేబు మీద కుట్టినట్టే అనుకుంటారు అందరూ. చొక్కా గుడ్డ చాప పరిచినట్టు పరుచుకుంటుంది. టోపీ అలా లొంగదు. దాన్ని గుండ్రటి ఫ్రేముకి తొడిగి, అంచు వెనక్కి మడిచి, బెల్టు బిగించి పట్టాలి. అంతా చేశాక, ముందు భాగంలో సరిగ్గా మధ్యన, రెండు ముక్కలు కలిపిన కుట్టు ఒకటి నిలువునా ఉంటుంది. గుడ్డ మడత మీద మడత, వెనకాల గట్టి అట్టలాంటి లైనింగు, దాని మీద పట్టీ. హాయిగా పరిగెత్తుతున్న సూది వచ్చి దానికి కొట్టుకుంటుంది. కాస్త వంగినా చాలు, కింది పళ్ళేనికి తగిలి ముక్కలవుతుంది. ముక్క ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలీదు. నా ఎడమ కంటి కింద నువ్వుగింజంత మచ్చ ఒకటుంది. అది అలాంటి ముక్క ఇచ్చిన గుర్తే. పాత సంగతి.

కొత్త సూది బిగించి దారం ఎక్కిస్తుంటే డ్రైవింగ్ స్కూలు మాస్టారు వచ్చాడు. టోపీలు ఈయనవే. కొత్త బ్రాంచి తెరుస్తున్నాడు, నేర్చుకునే వాళ్ళందరి నెత్తినా తన స్టీరింగు బొమ్మ ఉండాలని ముచ్చట. స్టీరింగు గుండ్రటిది, దాని నట్టనడుమ హారన్. ఆ హారన్ వచ్చి సరిగ్గా కుట్టు మీద కూర్చుంటుంది. ఇంతకన్నా మంచి బొమ్మ దొరకలేదు ఆయనకి.

పాడైన టోపీ ఒకటి తీసి లోపల వేలు పెట్టాడు. హారన్ ఉండాల్సిన చోట వేలు బయటికొచ్చింది.

"ఇది మోగదేమోనమ్మా" అన్నాడు.

కోప్పడితే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని. నవ్వుతూ అన్నాడు కాబట్టి మింగాల్సొచ్చింది.

"మధ్యలో కుట్టుందండీ. మీ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ లాంటిది. సూది వచ్చి దానికి కొట్టుకుంటోంది."

"మరి స్పీడ్ బ్రేకర్ దగ్గర మెల్లగా పోవాలి కదా?"

"మెల్లగా నడిపి చూశానండీ. సూది విరగట్లేదు గానీ, ఆ లెక్కన మీ పిల్లలు డ్రైవింగు నేర్చుకుని, మర్చిపోయి, మళ్ళీ చేరే వేళకి టోపీలు అందుతాయి."

"రేపు పొద్దున్నే కావాలమ్మా నాకు" అన్నాడాయన, ఇంకా నవ్వుతూనే. "కాదంటే ఇప్పుడే చెప్పు. కుట్టినవాటితో సరిపెట్టుకుని, మిగతావి ఉత్తవే పంచుతాను."

"ఇస్తానండీ" అన్నాను. నా నోటికి అదొక్కటే జబ్బు. మెదడుని అడక్కుండా మాట ఇచ్చేస్తుంది.

ఆయన వెళ్ళాక అమ్మ నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. మా అమ్మ అచ్చం గోడ మీద పిల్లి. పగలు నా దగ్గర దారాలు కత్తిరిస్తుంది, రాత్రి కొడుకు ఇంట్లో పడుకుంటుంది, ఇటు మాటలు అటూ అటు మాటలు ఇటూ మోస్తుంది. ఈ పని ఒప్పుకున్న రోజునే తీర్పు చెప్పేసింది. "ఈ మాస్టారి టోపీలు ఒంటిచేత్తో చేసి చూపించు, మెషిన్ నీదే. చేతకాకపోతే వాడికిచ్చెయ్. వాడు నడుపుతాడట, నువ్వు వాడి దగ్గర కూర్చుని దారాలు చూసుకుంటే చాలట."

దారాలు చూసుకుంటే చాలట! ఆ మాట విన్నప్పటినుంచీ నాకు నిద్ర లేదు. ఈ మెషిన్ శబ్దం విని దానికి నూనె కావాలో, దారం కావాలో చెప్పగలను నేను. నన్ను కత్తెర పట్టుకుని మూల కూర్చోమంటాడా?

మొదట్లో ఇదంతా ఒకే దుకాణం. ఈ చెక్క గోడ లేదు. మెషిన్ కుట్టాల్సిన బొమ్మల్ని అన్నయ్య కంప్యూటర్లో తయారుచేసేవాడు, నేను టోపీల మెషిన్ నడిపేదాన్ని. మా అన్నయ్యని మాట్లాడమంటే సొంత పన్ను పీకి ఇమ్మన్నట్టు బాధపడతాడు. ఇద్దరి మాటలూ నేనే మాట్లాడేదాన్ని. అది నాకేమీ కష్టమనిపించలేదు. అతని బొమ్మలతోనే వచ్చింది చిక్కంతా.

కొన్నాళ్ళకి అన్నయ్య చేసే ప్రతి బొమ్మలోనూ మధ్యలో స్టాపులు రావడం మొదలైంది. మెషిన్ ఝామ్మని పోతూ పోతూ, రంగు మారాల్సిన పని లేకపోయినా, దారం తెగకపోయినా, ఊరికే ఆగిపోయేది. నేను చేస్తున్న పని వదిలి వచ్చి బటన్ నొక్కాలి. నొక్కగానే కదులుతుందా? కుర్చీలోంచి లేచే ముసలాయనలా మెల్లగా, ఒక్కో కుట్టే వేసుకుంటూ, కాసేపటికి గానీ అందుకోదు. మళ్ళీ కొంత దూరం పోయి మళ్ళీ ఆగుతుంది. వాటికి బస్టాపులని పేరు పెట్టాను. "ఎక్కేవాడు లేడు, దిగేవాడు లేడు, ఎందుకన్నయ్యా ఈ బస్టాపులు?" అని అడిగితే, "ఉండనీ" అనేవాడు. అంతే. ఎన్నిసార్లు అడిగినా అంతే. "ఉండనీ."

ఒకరోజు అన్నయ్య దారాలు తేవడానికి బయటికి వెళ్ళినప్పుడు, కంప్యూటర్ ముందు కూర్చుని ఒక బొమ్మలో బస్టాపులన్నీ పీకేశాను. మెషిన్ ఎలా పోయిందనుకున్నారు! ఆ రోజువి మెత్తటి టోపీలు, ఒక్క సూదీ విరగలేదు. అన్నయ్య తిరిగొచ్చేసరికి పని ముగించి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను. తను బొమ్మ చూశాడు, టోపీలు చూశాడు, మొహం తెల్లబోయింది. వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేశాడు. కొట్టు నిండా జనం ఉండగా, "ఇంకోసారి ముట్టుకున్నావంటే ఊరుకోను!" అని అరిచాడు. మా అన్నయ్య అరవడం అదే మొదలు, అదే చివర.

అరవడానికి మాత్రం నోరుంది, ఎందుకో చెప్పడానికి లేదు. నేనూ తక్కువ తినలేదు. ఆ వారంలోనే పంపకాలైపోయాయి, మధ్యలో చెక్క గోడ లేచింది. కంప్యూటరూ, చొక్కాల మీద కుట్టే చదును మెషినూ తనవి, టోపీల మెషిన్ నాది. నా వాటాకొచ్చిన పాత బొమ్మలన్నిట్లోనూ మొట్టమొదట చేసిన పని ఏమిటంటే, ఒక్క బస్టాపు మిగలకుండా పీకెయ్యడం. తర్వాత బొమ్మలు బయట చేయించుకుంటున్నాను. స్టాపులు వద్దని ముందే చెబుతాను.

అప్పటినుంచీ సూదులు విరుగుతూనే ఉన్నాయి. మెత్తటి టోపీలైతే ఏదోలా గట్టెక్కుతున్నాను. ఈ మాస్టారి టోపీలు మరీ రాళ్ళు. సూది సైజు పెంచాను. దారం మార్చాను. కుట్టు మీద కొవ్వొత్తి రుద్దాను. మెకానిక్‌ని పిలిస్తే, మెషిన్ మీద చెయ్యేసి, "దీనికేం, గుండ్రాయిలా ఉంది, మీ టోపీలే మందం" అన్నాడు. టోపీలమ్మినవాడి దగ్గరికి వెళ్తే, "మా టోపీలకేం, మెషిన్ చూపించుకోండి" అన్నాడు. అందరిదీ బాగానే ఉంది. బాగాలేనిది నేనొక్కదాన్నే.

మధ్యాహ్నం వదిన టీ పట్టుకొచ్చింది. మా అన్నాచెల్లెళ్ళ మధ్య యుద్ధమైనా వదిన టీ ఆగలేదు, అది మాత్రం చెప్పాలి.

"మీ అన్నయ్య అడగమన్నారు" అంటూ గ్లాసు పెట్టింది.

"ఏం అడగమన్నాడు?"

"పొద్దున్నించీ చాలాసార్లు విరిగాయట కదా. ఇక చాలించి మెషిన్ ఇచ్చెయ్యమన్నారు."

"ఓహో, లెక్క కూడా పెడుతున్నాడా! పనీపాటా లేదా ఆయనగారికి?"

"నువ్వే ఒక్కసారి వచ్చి మాట్లాడితే..."

"మాట్లాడితే ఏమంటాడు? ఉండనీ అంటాడు."

వదినకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. గోడ వైపు తిరిగి, వినపడేలా, "ఇవ్వనని చెప్పు! నా ఊపిరి ఉన్నంతవరకూ ఈ మెషిన్ నేనే నడుపుతాను!" అన్నాను. అవతల టకటక ఆగలేదు. అదేం చిత్రమో, నేను గొంతు చించుకున్నప్పుడు ఆ మెషిన్ ఎప్పుడూ ఆగదు.

సాయంత్రం దాకా కిందా మీదా పడ్డాను. కొన్ని టోపీలు అదృష్టం కొద్దీ బయటపడ్డాయి, కొన్నిటికి చిల్లులు పడ్డాయి. కుట్టాల్సినవి ఇంకా డబ్బాలోంచి నన్నే చూస్తున్నాయి. మాస్టారు ఎక్కువ టోపీలు ఇచ్చాడు కాబట్టి ఇంకా లెక్క తప్పలేదు గానీ, ఇక ఒకటి పాడైతే తక్కువ పడుతుంది. అమ్మ కాళ్ళు లాగుతున్నాయని ఇంటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "రేపు మాస్టారు వచ్చేలోగా వాడితో నేనే చెప్తాలే, మెషిన్ తీసుకోమని" అంది. నా మీద జాలితోనే అంది. అదే కాలింది నాకు. చిల్లు పడ్డ టోపీలు ఒక్కొక్కటిగా గోడకేసి కొట్టాలనిపించింది. ఒకటి కొట్టాను కూడా. చప్పుడే రాలేదు దానికి.

ఇంకో టోపీ ఫ్రేముకి తొడిగాను. బెల్టు బిగించాను. వేలితో కుట్టుని నొక్కి, గోటితో గీరి, కాస్త పల్చబడిందనిపించాక మెషిన్ ఆన్ చేశాను. స్టీరింగు కింది అంచు మొదలైంది. చక్కగా తిరుగుతోంది. హారన్ దగ్గరికి వస్తుంటే ఊపిరి బిగబట్టాను. పో తల్లీ, పో, ఈ ఒక్కసారి పో.

టిక్.

కుయ్యోమంది. ఎర్ర లైటు.

నోరు తెరిచాను. ఏమీ రాలేదు.

నాకే వింతగా అనిపించింది. తిట్టడానికి కూడా ఏదో ఆశ ఉండాలి కాబోలు. అది అడుగంటిపోయింది. స్టూలు మీద కూలబడి, బల్ల మీద తల పెట్టేశాను. సరే. ఇచ్చేస్తాను. దారాలు కత్తిరిస్తాను. రేపటినుంచి మాస్టార్ల నవ్వులు అన్నయ్య భరిస్తాడు. ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే అవతలికి వినపడుతుందని పళ్ళు బిగించాను.

అవతల మెషిన్ ఎప్పటిలాగే ఆగింది. మళ్ళీ మొదలవుతుందని చూశాను. మొదలవలేదు. ఇంకా చూశాను. వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు. అవతల చడీచప్పుడూ లేదు.

ఉన్నట్టుండి అటువైపు ఏదో దభాలున కింద పడింది. పరిగెత్తే అడుగులు. నా తలుపు గోడకి కొట్టుకుంది.

అన్నయ్య. కాళ్ళకి చెప్పుల్లేవు, భుజం మీద దారం పోగులు, చేతిలో కత్తెర అలాగే ఉంది. పంపకాలయ్యాక ఈ గడప తొక్కడం ఇదే మొదలు. నేను తలెత్తేలోపే వచ్చి నా గడ్డం పట్టుకుని, మొహం ట్యూబు లైటు వైపు తిప్పాడు. ఎడమ కన్ను చూశాడు. కుడి కన్ను చూశాడు. మళ్ళీ ఎడమ కన్ను చూశాడు.

"ఎక్కడ తగిలింది?"

"ఏంటి తగిలేది? వదులు! కత్తెర పొడిచేలా ఉన్నావు!"

కత్తెర బల్ల మీద పెట్టేశాడు. నా గడ్డం మాత్రం వదల్లేదు.

"తగల్లేదా?"

"లేదు."

"మరి తిట్టలేదేం?"

నాకు అర్థం కాలేదు. "ఏంటీ?"

"సూది విరిగింది. నువ్వు తిట్టలేదు." గడ్డం వదిలి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "ఆ రోజు కూడా తిట్టలేదు నువ్వు."

ఆ రోజు. నా కంటి కింద మచ్చ పడ్డ రోజు. నిజమే, ఆ రోజు నోటివెంట మాట రాలేదు. కన్ను పోయిందనుకుని చెయ్యి అడ్డం పెట్టుకుని బొమ్మలా నిలబడిపోయాను. అన్నయ్య పక్కనే కంప్యూటర్లో మునిగిపోయి ఉన్నాడు, సూది విరిగిన చప్పుడు విన్నా తలెత్తలేదు. నా వేళ్ళ మధ్యనుంచి రక్తం కీబోర్డు పక్కన పడ్డాక గానీ చూడలేదు. ఆ సంగతి నేనెప్పుడో మర్చిపోయాను. బస్టాపులు మొదలైంది ఆ తర్వాతే.

అయితే ఇన్నాళ్ళూ గోడకవతల మెషిన్ ఆగింది ఇందుకా? నా తిట్టు వినపడేదాకా ఆగి, వినపడ్డాక మొదలుపెట్టేవాడా? నేనేమో ఆనందిస్తున్నాడనుకుని, ఇంకా గట్టిగా తిట్టేదాన్ని.

నన్ను అడక్కుండానే లేచాడు. విరిగిన మొన వెతికి తీశాడు, కొత్త సూది వేశాడు, మెషిన్ పానెల్ మీద బొమ్మని ముందుకీ వెనక్కీ జరుపుతూ చూశాడు. హారన్ ఇంకాస్త ముందు ఉందనగా ఒక స్టాపు పెట్టాడు. కుట్టు అవతలికి దాటి, మళ్ళీ ఇవతలికి వచ్చే ముందు ఇంకొకటి పెట్టాడు.

"బస్టాపులా?" అన్నాను.

"ఊఁ."

"ఎందుకన్నయ్యా?"

ఈసారి "ఉండనీ" అంటాడేమోనని చూశాను. అంటే ఆ కత్తెర నేనే తీసుకుని ఉండేదాన్ని. కానీ బటన్ వైపు చూపించాడు. నొక్కాను. మెషిన్ పరిగెత్తింది, కుట్టుకి కాస్త ఇవతల ఆగింది. మళ్ళీ నొక్కాను. ముసలాయన కుర్చీలోంచి లేచినట్టు, ఒక్కో కుట్టే, ఒక్కో కుట్టే వేసుకుంటూ, ఆ మందపాటి చోటెక్కి, దిగి, అవతలికి వెళ్ళాక అప్పుడందుకుంది స్పీడు. టిక్కుమనలేదు. అదే టోపీ మీద హారన్ ముద్దలా నిండుగా వచ్చింది.

"ఆగి మొదలైతే మెల్లగా పోతుంది" అన్నాడు. "దాటేదాకా."

నేనే పొద్దున మాస్టారికి స్పీడ్ బ్రేకర్ పాఠం చెప్పాను. ఈ బస్టాపుల్ని పీకిందీ నేనే. ఒక్కసారిగా ఒళ్ళు మండిపోయింది. సిగ్గుకీ కోపానికీ తేడా తెలీలేదు.

"ఈ ముక్క చెప్పడానికి నీకేం రోగం? ఇన్నేళ్ళు! ఈ ముక్క ఒక్కసారి చెప్పి ఉంటే ఈ గోడ ఎందుకు, ఈ పంపకాలెందుకు, నా ఈ ఖర్మెందుకు?"

"చెప్పాను."

"ఎప్పుడు చెప్పావ్?"

"ఉండనీ అన్నాగా."

ఉండనీ అంటే చెప్పడమట! కొట్టాలో నవ్వాలో తెలీక, చేతిలో ఉన్న చిల్లు టోపీ తీసి నెత్తిన కొట్టాను. తప్పుకోలేదు. కిందపడ్డ టోపీ తీసి దులిపి బల్ల మీద పెట్టాడు.

"మరి మెషిన్ ఇచ్చెయ్, దారాలు చూసుకో అన్నావే, అదేంటి?"

"దారాలు ఎగిరి కళ్ళలో గుచ్చుకోవు" అన్నాడు. అన్నాక, ఇంత పొడుగు మాట తనే అన్నాడా అన్నట్టు అటూ ఇటూ చూసి, కత్తెర తీసుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడ ఆగాడు.

"మెషిన్ నీ దగ్గరే..." అన్నాడు.

ఇంకేం అంటాడో నాకు తెలుసు. "ఉండనీ" అన్నాను, తన కన్నా ముందే.

వెళ్ళిపోయాడు. అవతల పడిపోయిన స్టూలు లేపి నిలబెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ లేదు.

నేను ఇంకో టోపీ తొడిగాను. బటన్ నొక్కాను. ఆగింది. నొక్కాను. దాటింది. డబ్బాలో టోపీలు ఇంకా ఉన్నాయి, మాస్టారు పొద్దున్నే వస్తాడు, ప్రతి టోపీకీ లేచి బటన్ నొక్కాలి. అన్నీ అయ్యేసరికి నా నడుం విరుగుతుంది. సూది మాత్రం విరగదు.

అవతల మెషిన్ ఇంకా మొదలవలేదు. గోడకి చెవి ఆనించి కూర్చున్నాడని తెలుసు. నా దగ్గర చప్పుడు లేకపోతే ఆ మనిషి తెల్లార్లూ అలాగే కూర్చుంటాడు, లేచి వచ్చి అడగడు, పిలవడు. ఇలాంటివాడితో ఎలా వేగాలో నాకిప్పటికీ తెలీదు. మళ్ళీ కోపమొచ్చింది. కళ్ళు తుడుచుకుని, గోడ దగ్గరికంటా వెళ్ళి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాను.

"నీ దుంప తెగ, అన్నయ్యా! పని చూసుకో!"

అవతల టకటకా మెషిన్ మొదలైంది.